హద్దుకు రైతు పలికే మాటే రాయించండి: రెవెన్యూ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ మంత్రివర్యులకు నమస్కరించి రాయునది.

విషయం: భూముల రీసర్వే నోటీసుల్లోను, కొత్త పట్టాదారు పాసుపుస్తకాల్లోను పొలం హద్దులను రైతులు వాడే మాటల్లో రాయించవలసిందిగా విన్నపం.

అయ్యా,

నేను ముప్పై ఏళ్లకు పైబడి దస్తావేజులు రాస్తూ బతుకుతున్నవాణ్ణి. అమ్మకమైనా, పంపకమైనా, తనఖా అయినా, ప్రతి కాగితం చివర ఆస్తి వివరాల షెడ్యూలు రాసి, దాని కింద నాలుగు దిక్కులా హద్దులు రాయడం నా వృత్తిలో అతి ముఖ్యమైన పని. పేరులో అక్షరం తప్పితే సవరణ దస్తావేజుతో సరిపోతుంది గాని, హద్దు తప్పితే రెండు కుటుంబాలు రెండు తరాల పాటు మాట్లాడుకోవు. అందువల్ల ఈ ఒక్క మాట గురించి మీకు రాయడానికి నాకు కొంత అర్హత ఉన్నదని అనుకుంటున్నాను.

కిందటి ఏడాది ఒక రైతు నా దగ్గరకు ఒక నోటీసు పట్టుకొని వచ్చారు. "సరిహద్దు బిందువుల నిర్ధారణ నిమిత్తం" ఫలానా తేదీన హాజరు కావలెనని అందులో ఉంది. ఆయన వచ్చేసరికి ఆ తేదీ దాటి పదకొండు రోజులైంది. ఆయన చదువురానివారేమీ కాదు, రోజూ పేపరు చదువుతారు. ఎందుకు వెళ్లలేదని అడిగితే, "సరిహద్దంటే ఊరిది కదండీ, పక్క ఊరితో మన ఊరి మేర తేలుస్తున్నారేమో, సర్పంచి గారు చూసుకుంటారులే అనుకున్నాను. నీ గట్టు కొలుస్తాం రావయ్యా అని రాసి ఉంటే పనులన్నీ మానుకొని వెళ్లేవాణ్ణి కదండీ" అన్నారు. ఆయన అనుకోవడంలో తప్పు లేదు. రీసర్వేలో ముందు గ్రామ సరిహద్దు తేల్చి, ఆ తరువాతే పొలాలకు వస్తారు. అంతకు కొన్ని వారాల ముందే వారి ఊళ్లో గ్రామ సరిహద్దు పని జరిగింది కూడా. రెండు పనులకూ కాగితం మీద ఒకే మాట వాడారు. ఆయన లేకుండా వేసిన గీత వల్ల ఆయన భూమి 2 సెంట్లు తగ్గింది. రెండు సెంట్లంటే దాదాపు 97 చదరపు గజాలు, ఒక చిన్న ఇంటి స్థలమంత.

నోటీసు రాసిన ఉద్యోగిని నేను తప్పుపట్టడం లేదు. మన రాష్ట్రంలో భూముల కొలతకు ఆధారం 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం. చట్టం పేరులోనే సరిహద్దు ఉన్నది కాబట్టి నోటీసులోకీ అదే వచ్చింది. నా బాధ ఏమిటంటే, తెలుగులో ఈ మాటకు అక్కచెల్లెళ్లు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కరికి ఒక్కొక్క పని ఉన్నది, కాగితం మాత్రం అందరినీ ఒకే పేరుతో పిలుస్తోంది.

హద్దు అరబ్బీ మాట, పార్సీ ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. వచ్చి ఎంతగా కలిసిపోయిందంటే, పిల్లవాణ్ణి మందలించేటప్పుడు "హద్దు మీరకు" అంటాము, ఖర్చు చెయ్యి దాటితే "హద్దూ అదుపూ లేదు" అంటాము. సరిహద్దు కూడా ఆ దారిన వచ్చినదే. పాత కాగితాల్లో "సరహద్దు" అనే కనిపిస్తుంది, ఇరుపక్కలా సమానమైన హద్దు కదా అన్న ఊహతో మనవాళ్లు దాన్ని "సరి" చేసుకున్నారేమోనని నాకనిపిస్తుంది. నేడు ఆ మాట వినగానే సామాన్యుడికి తోచేది దేశమో, రాష్ట్రమో, ఊరో. తన చేను మాత్రం కాదు.

ఎల్ల మన సొంత మాట, తమిళ కన్నడాల్లోనూ దానికి చుట్టాలున్నారు. పొలిమేర అంటే పొలపు మేర, ఊరి పొలాలన్నీ ఎక్కడ ముగుస్తాయో అక్కడిది. పెళ్లివారిని ఎదురుకోళ్లతో తెచ్చేదీ, జాతరలో పొలి చల్లేదీ అక్కడే. ఇక మేర సంగతి చెప్పనక్కరలేదు. కనుచూపు మేర అంటాము, చేతనైన మేరకు అంటాము, మీ శాఖ నుంచి వెలువడే ప్రతి ఆదేశం గురించీ "ఈ మేరకు ఉత్తర్వులు జారీ అయ్యాయి" అని పత్రికలు రాస్తాయి. సీమ సంస్కృతంలో హద్దే, తెలుగులో హద్దు లోపలి ప్రాంతమంతా సీమ అయింది. దత్త మండలాలని పరిపాలకులు పెట్టిన పేరును కాదని, 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు పెట్టుకున్న ప్రజలు మనవారు. కాగితం మీది మాటను జనం మాట జయించగలదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వీటన్నిటిలో రైతుకు అత్యంత దగ్గరి మాట గట్టు. నేను అసలు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉన్నది. పటం మీద గీసే గీతకు వెడల్పు లేదు, గట్టుకు ఉన్నది. దాని మీద మనిషి నడుస్తాడు, కందులు చల్లుతారు, గేదెకు గడ్డి కోస్తారు, తాటిచెట్టు ఉంటే కల్లుకో కమ్మకో దాని హక్కు ఉంటుంది. గీత గట్టు నడిమి నుంచి పోయిందా, ఈ పక్క పాదం నుంచి పోయిందా, ఆ పక్క పాదం నుంచా అన్న ఒక్క ప్రశ్న మీద ఎన్ని తగాదాలు నడిచాయో నా బల్ల ముందు కూర్చున్నవారి ముఖాలు గుర్తు చేసుకుంటే చెప్పగలను. అందుకే పాత దస్తావేజుల్లో చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దుల వివరం, ఇలా ఉంటుంది: "తూర్పు, పుంత, దక్షిణం, ఫలానావారి మెరక, పడమర, పంటబోదె, అందులో సగం, ఉత్తరం, ఉమ్మడి గట్టు, దాని మీది తాటిచెట్లు ఉభయులవి." ఈ నాలుగు ముక్కల్లో పుంత అనే దారి ఉన్నది, బోదె అనే చిన్న కాలువలో నీటి వాటా ఉన్నది, చెట్ల పంపకం ఉన్నది. కొత్తగా ఇస్తున్న ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్, అంటే ఒక్కో కమతం పటం) నంబరులో, అక్షాంశ రేఖాంశాల అంకెల్లో ఇవేవీ లేవు.

డ్రోన్లూ, ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్లూ వద్దని నేను అనడం లేదు. గొలుసు పట్టి కొలిచిన కాలపు తప్పులను నేను చూశాను. ఎండకు సాగిన గొలుసునూ, మొహమాటానికి జరిగిన రాయినీ కూడా చూశాను. కొలత ఎంత కచ్చితంగా ఉంటే అంత మంచిదే. కానీ దస్తావేజులో విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువ ఇస్తూ వచ్చాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సైతం ఆస్తిని గుర్తుపట్టగలిగేంత వివరణ ఉండాలని కోరుతోంది. ఆ గుర్తుపట్టే పని ఇన్నాళ్లూ మాటలే చేశాయి. అంకె పక్కన మాట కూడా ఉంటే రైతు తన భూమిని తానే చదువుకోగలడు.

ఆ మాట కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. గోదావరి జిల్లాల్లో పుంత అన్నది గుంటూరు వైపు డొంక. కోస్తాలో గట్టు అన్నది చిత్తూరు వైపు గెనిమ. పొరుగున తెలంగాణలో అదే గెట్టు, ఒడ్డు అని కూడా అంటారు. కోస్తావాడికి ఒడ్డంటే ఏటి ఒడ్డే. ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు బదిలీ అయిన సర్వేయరు పాత కాగితంలో "ఉత్తరం, గెనిమ" అని చదివి, అది మనిషి పేరో, స్థలం పేరో తేల్చుకోలేక తికమకపడితే అది ఆయన తప్పు కాదు.

కాబట్టి నా మనవి ఇది. పొలానికి సంబంధించిన నోటీసులో "మీ పొలం గట్లు కొలుస్తాము" అన్న వాక్యం, ఆ జిల్లా మాటలో, అన్నిటికంటే పైన పెద్ద అక్షరాల్లో ఉండాలి. చట్టం కోరే భాష దాని కింద ఉండవచ్చు. పాసుపుస్తకంలో పటం పక్కన నాలుగు దిక్కులకూ నాలుగు గడులు పెట్టి, అక్కడ ఉన్నది గట్టో, బోదో, పుంతో, ఉమ్మడిదో, ఒకరిదో రాయించాలి. ఇరుపక్కల రైతులూ చదివి సంతకం పెట్టాకే ఆ గడులను ఖాయం చేయాలి. దీనికి ముందుగా జిల్లాల వారీగా హద్దుల మాటలు సేకరించి, సర్వే శిక్షణలో చేర్పించండి. మాటలు చెప్పడానికి పాత కరణాల కుటుంబాల్లోని పెద్దలు, లేఖరులు, నీరు కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. మరో పదేళ్లకు ఎంతమంది ఉంటారో చెప్పలేము. నా వృత్తిలో ఎదురైన మాటలను నేను రెండు నోటుపుస్తకాల్లో రాసి పెట్టుకున్నాను. మీ శాఖ అడిగిన రోజున వాటిని తీసుకొచ్చి అప్పగిస్తాను.

నేను పైన చెప్పిన రైతు అప్పీలు పెట్టుకున్నారు. విచారణ తేదీ ఇంకా రాలేదు. ఆ నోటీసు వచ్చేటప్పుడైనా అందులో గట్టు అన్న మాట ఉండేలా చూడవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక దస్తావేజు లేఖరి