పాటలు కాదు సార్, పద్యాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక సీరియల్ నటుడి గురించి పెద్ద ఫొటోతో అర పేజీ వేశారు, సంతోషం. ఆయన కృష్ణుడి వేషం కట్టిన రాత్రుల్లో చాలావాటికి హార్మోనియం వాయించింది నేనే. అయితే ఆ అర పేజీలో స్టేజీకి దక్కింది రెండే లైన్లు, అందులో ఒకటి "పౌరాణిక నాటకాల్లో పాటలు పాడేవారు" అని. తిరుపతి వేంకట కవులు రాసిన రాయబారం పద్యాల్ని పాటలంటే ఆ సీను చూసి పెరిగినవాళ్లు ఎవరైనా నవ్వుతారు.

పాటకి తాళం ఉంటుంది, దాన్ని పట్టుకుని సాగిపోవచ్చు. నాటకంలో పద్యానికి తాళం వెయ్యరు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ రాగం తియ్యాలి, ఏ మాట నొక్కాలి అన్నది నటుడి ఇష్టం, మేం పక్కనుంచి ఆయన భుజం చూస్తూ వాయిస్తాం, ఊపిరి పీల్చుకునే ముందు అది కొంచెం లేస్తుంది కాబట్టి. మైకులు లేని రోజుల్లో చివరి వరసకి వినపడాలని ఐదు, ఐదున్నర శ్రుతిలో, అంటే గొంతు బాగా పైకెత్తి పాడేవాళ్లు. ఈ రాగాల మోజులో పడి నటన పోతోందని పాతతరం స్టేజీ నటుడు బళ్లారి రాఘవ గారు అప్పుడే గొడవ పెట్టుకున్నారు. ఆయన అన్నది తప్పనను. వన్స్ మోర్ కోసం రాగం సాగదీసి ఎదుటి పాత్రని బొమ్మలా నిలబెట్టిన వాళ్లకి కూడా నేను వాయించాను మరి!

మీరు రాయాల్సింది ఇంకొకటి ఉంది. మా కృష్ణుడిలా స్టేజీకే అలవాటుపడ్డ మనిషి యాభై దాటాక కెమెరా ముందుకి వెళ్తే ఏమవుతుందో తెలుసా? మొదటి రోజే గొంతు తగ్గించండి, చెయ్యి దించండి, కనుబొమ్మ అంత ఎగరెయ్యకండి అన్నారట. ఆయన బతుకంతా నేర్చుకున్నది దూరంగా కూర్చున్నవాడికి కనపడేలా చెయ్యడం, ఇక్కడేమో కెమెరా మొహం మీదే ఉంటుంది. కొన్ని నెలలు సెట్ నుంచి టెన్షన్‌గా ఫోన్లు చేసేవాడు, తర్వాత మెల్లగా పట్టేశాడు. డైలాగు కాగితం అప్పటికప్పుడు చేతికిచ్చినా ఇబ్బంది లేదు, వందల పద్యాలు నోటికొచ్చినవాడికి అదెంత?

టీవీని తిట్టడానికి రాయట్లేదు. ఉత్సవాల సీజన్ అయిపోతే స్టేజీ మీద డబ్బుల్లేవు, ఆయన పిల్లల చదువులకి కట్టింది సీరియల్ డబ్బులే. కానీ ఇన్నేళ్లలో ఆయన్ని టీవీలో పద్యం పాడమన్నది ఒకే ఒక్కసారి, పండగ స్పెషల్లో. నాలుగు పాదాల పద్యంలో రెండో పాదం అవుతుండగానే కట్ చేసి ప్రకటన వేశారు. మా ఇంట్లో నేను టీవీ కట్టేశాను.

"టీవీ వల్లే జనానికి తెలిశారు" అని రాశారు కదా, ఏ జనానికండీ? స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది స్టేజీ మీద ఆడవేషాలు కట్టినందుకు, హైదరాబాద్‌లో దూరదర్శన్ మొదలైందే 1977లో. మా వాడి సంగతికొస్తే, రాత్రి రెండింటికి రాయబారం సీను అయ్యేదాకా చలిలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నవాళ్లకి ఆయన సీరియల్ తండ్రిగా తెలియదు.

ఆయన మొహమాటస్తుడు, మీకు ఫోన్ చెయ్యడు, చేసినా థాంక్స్ చెప్పి పెట్టేస్తాడు. అందుకని నేను అడుగుతున్నా. ఆ "పాటలు" అన్న మాట చిన్న సవరణ వేసి దిద్దండి, పద్యం నేర్పిన గురువు ఎవరో ఈసారైనా అడిగి రాయండి. షూటింగ్ లేని రోజు చూసుకుని వచ్చే నెల్లో మళ్లీ రాయబారం వేస్తున్నాం, మీ విలేకరిని పంపండి. ముందు వరసలో వద్దు, నా హార్మోనియం పక్కనే కుర్చీ వేయిస్తాను, ఆ భుజం అక్కణ్ణుంచే బాగా కనపడుతుంది.

ఇట్లు,
ఒక హార్మోనిస్టు