హనోయిలో పలకరించిన అక్కకు కృతజ్ఞతలు

వియత్నాం రాజధాని హనోయి పాత బజారులో మా మాటలు విని "వరంగల్ వాళ్లా?" అని పలకరించిన కరీంనగర్ అక్కా, మీ పేరు తెలియదు కనుక ఇలా రాస్తున్నాను.

మా అమ్మ శాకాహారి. కూరగాయల వంటల్లోనూ చేపల సాస్ పడుతుందని మీరు చెప్పాకే తెలిసింది. పౌర్ణమి నాడు అక్కడి బౌద్ధులు చాలామంది మాంసం ముట్టరంటూ శాకాహార హోటలుకు తీసుకెళ్లారు. పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చోబెట్టి, పలుచటి బియ్యపు పొరలో తోఫు (సోయా పనీర్), పుదీనా, సన్న సేమ్యా పెట్టి చుట్టడం నేర్పారు. (అమ్మకు వెంటనే పట్టుబడింది, నాకు ఇప్పటికీ చిరిగిపోతుంది.) బిల్లు మమ్మల్ని కట్టనివ్వలేదు, అది మాత్రం అన్యాయం!

సంక్రాంతికి ఊరొస్తే హనుమకొండకు తప్పక రండి. అమ్మ మీ కోసం సకినాలు చేస్తానంటోంది, నువ్వులు దండిగా వేసి.