మార్కులతోపాటు పెంపకం సంగతీ మాట్లాడండి

సంపాదకులకు,

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ అంతటా ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. చాలా మంచి పని. కానీ ఇలాంటి చోట మాటంతా మార్కులు, హాజరు దగ్గరే తిరుగుతోంది. ఇంట్లో పిల్లలతో ఎలా మసలుకుంటున్నామన్న ఊసే రావడం లేదు.

‘‘తోలు తీయండి మాస్టారూ, నేనేం అనుకోను’’ అనే తండ్రులు మన డెల్టాలో ఇంకా ఉన్నారు. బడిలో కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. మరి ఇంట్లో? ‘‘కాలవ వైపు వెళ్తే కాళ్లు విరగ్గొడతా’’ అంటే పిల్లాడు వెళ్లడం మానడు, చెప్పకుండా వెళ్తాడు. అసలు ప్రమాదం అదే. వాడు ఏ రేవులో దిగాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. ‘‘పెద్దవాళ్లు లేకుండా దిగకూడదు. లాకుల దగ్గర అసలే వద్దు, తలుపులు ఎత్తితే నీరు అడుగుకి లాగేస్తుంది. ఆదివారం నేనే తీసుకెళ్లి ఈత నేర్పుతా. మాట తప్పితే ఆ వారం ఈత లేదు’’ అని చెప్పి చూడండి. ఇందులో నియమం ఉంది, కారణం ఉంది, తప్పితే ఏమవుతుందో ముందే తెలుసు. ప్రేమ, కట్టుబాటు రెండూ ఉన్న ఇలాంటి పెంపకాన్నీ, ఉత్త భయంతోనూ ఉత్త గారాబంతోనూ సాగే పెంపకాలనూ డయానా బామ్‌రిండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960లలోనే విడదీసి చూపించారు.

కోనసీమలో గారాబం వెనక చాలాసార్లు గల్ఫ్ ఉంటుంది. తల్లి కువైట్‌లో, బిడ్డ అమ్మమ్మ దగ్గర. పక్కన లేనన్న బాధతో తల్లి ‘‘అడిగింది కొనిపెట్టమ్మా’’ అంటుంది, అమ్మమ్మకు కాదనడానికి మనసొప్పదు. ఆ తల్లిని తప్పుపట్టలేం. అయితే సెల్, నిద్ర, చేతి డబ్బులు ఈ మూడింటి మీదా ఇద్దరూ పిల్లలు వినకుండా ముందే ఒక మాట అనుకోవాలి. ఒకరు వద్దన్నది రెండోవారు ఇవ్వకూడదు. తల్లి చేసే ఫోనుకు కచ్చితమైన వేళ ఉండాలి. మనకు రాత్రి 8 అయితే అక్కడ సాయంత్రం 5.30, పనిలో ఉండే వేళ. కుదరని రోజు సంగతి ముందురోజే చెబితే బిడ్డ ఎదురుచూసి ఏడవదు.

అన్నం దగ్గర సెల్ మరో తంటా. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని, నాలుగేళ్ల వరకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తెర చూస్తూ మింగే బిడ్డకు కడుపు నిండిన సంగతి తెలియదు. సెల్ పక్కన పెట్టి, పప్పన్నం నాలుగు ముద్దలు కంచంలో వేసి, ఒలకబోసుకున్నా సరే, తన చేత్తోనే తిననివ్వండి. అరగంటకు కంచం తీసేయండి, తిట్టొద్దు. మళ్లీ భోజనం వేళ వరకు చిప్స్ ప్యాకెట్ ఇవ్వొద్దు. మొదట్లో ఏడుస్తారు. ఎక్కువమంది తప్పు చేసేది మూడో రోజున: ఏడుపు చూడలేక సెల్ చేతికిస్తారు. ఇంకాస్త గట్టిగా, ఇంకాస్తసేపు ఏడిస్తే దొరుకుతుందన్న పాఠం బిడ్డకు అప్పుడే వంటబడుతుంది.

విద్యాశాఖ వచ్చే సమావేశంలో దీనికి ఒక్క అరగంట కేటాయించాలి. పిల్లలతో చీటీ పంపితే చదువురాని అమ్మమ్మలకు చేరదు, అంగన్‌వాడీ టీచర్లతో నోటిమాటగా పిలిపించండి. కోతల రోజుల్లో పగలు పెడితే ఎవరూ రాలేరు, సాయంత్రం పెట్టండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, రాజోలు