పీఎఫ్ కోసం ఏడాది ఖాళీగా ఎవరుంటారు?

ఎడిటర్ గారికి,

జీడిమెట్ల పారిశ్రామికవాడలో నాది చిన్న నెట్ సెంటర్. నా దగ్గరికి ఎక్కువగా పీఎఫ్ క్లెయిములు పెట్టించుకోవడానికే వస్తారు. వాళ్లలో చాలామంది కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లు. పని పోయినవాళ్ల పీఎఫ్ గురించి 2025 అక్టోబరు 13న ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ ఖాతాలు చూసే కేంద్ర సంస్థ) ట్రస్టీల బోర్డు తీసుకున్న నిర్ణయం మీద రాస్తున్నాను.

పాత పద్ధతిలో రెండు నెలలు పని లేకపోతే మొత్తం డబ్బు తీసుకోవచ్చు. కొత్త నిర్ణయం ప్రకారం 75 శాతం వెంటనే ఇస్తారు, మిగతా 25 శాతానికి పన్నెండు నెలలు పని లేకుండా ఉండాలి. వెంటనే 75 శాతం ఇవ్వడం మంచిదే, కాదనను. కానీ ఏడాదంతా పని లేకుండా ఇల్లు గడిచేదెవరికి? ఒక కంపెనీలో ప్యాకింగ్ పని పోతే నాలుగు నెలలకు ఇంకో కాంట్రాక్టర్ పిలుస్తాడు. రెండు నెలలు పీఎఫ్ కడతాడు, ఆర్డర్లు తగ్గగానే మానేయమంటాడు. అప్పుడు పన్నెండు నెలల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇలా పనిలోకి వస్తూ పోతూ ఉండేవాళ్లకు ఆ పావు వంతు ఎప్పటికి అందేను? పీఎఫ్ సభ్యుల్లో సగం మందికి ఫైనల్ సెటిల్‌మెంట్ (ఖాతాలో డబ్బంతా తీసేసుకోవడం) నాటికి 20 వేలు కూడా ఉండట్లేదని కేంద్ర కార్మిక శాఖే చెప్పింది. అందులో పావంటే ఐదు వేల లోపే. వృద్ధాప్యానికి అదేం ఆసరా అవుతుంది? ఈ నెల గది అద్దెకైతే పనికొస్తుంది.

యజమాని వాటాలో పింఛను కోసం పక్కన పెట్టే పెన్షన్ డబ్బు సంగతి ఇంకా ఘోరం. పని పోయాక దాన్ని తీసుకోవడానికి ఆగాల్సిన గడువును రెండు నెలలు కాస్తా ముప్పై ఆరు నెలలు చేశారు! 15 వేల జీతానికి యజమాని కట్టే 1,800లో 1,250 అందులోకే పోతుంది. పదేళ్ల సర్వీసు నిండితే పింఛను వస్తుంది కదా అంటారు. పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారకుండా ఉండాల్సిన పీఎఫ్ నంబరు) అడగకుండా కొత్త నంబరు తీసే కాంట్రాక్టర్లున్నచోట పదేళ్లు ఎలా కలుస్తాయి? కలిసినా కనీస పింఛను వెయ్యి రూపాయలు, అదీ 2014 నాటి రేటు.

నేను అడిగేది రెండే. మధ్యలో చేసిన నెలా రెండు నెలల పనికి పన్నెండు నెలల లెక్క తెగకూడదు. పదేళ్ల సర్వీసుకు చాలా దూరంలో ఉన్నవాళ్లకు పెన్షన్ డబ్బు విషయంలో పాత రెండు నెలల గడువే ఉంచాలి.

— ఒక నెట్ సెంటర్ యజమాని, జీడిమెట్ల, హైదరాబాద్