కార్ల్ ఐన్‌స్టైన్‌ను మరిచిపోవద్దు

సంపాదకులకు నమస్కారం.

క్యూబిజం (వస్తువులను కోణాలుగా, ముక్కలుగా విడగొట్టి చూపే కళాశైలి) అనగానే మన పత్రికలు చిత్రకారులు పికాసో, బ్రాక్ పేర్లతోనే సరిపెడుతున్నాయి. ఆ కళకు అండగా నిలిచిన జర్మన్ విమర్శకుడు కార్ల్ ఐన్‌స్టైన్ (1885-1940) ఊసే ఉండదు. ఆఫ్రికా శిల్పాలను యూరప్ మ్యూజియాల్లో వింత వస్తువుల్లా చూస్తున్న రోజుల్లో, అవి గొప్ప కళ అని 1915లో ఆయన ఏకంగా పుస్తకమే రాశారు. అందులో వందకు పైగా ఫొటోలు. ఒక్కదాని కిందా వివరణ లేదు, ముందు ఆకారాన్ని చూడమన్నట్టు! (చెక్కినవాళ్ల ఊరూ పేరూ లేకపోవడం మాత్రం నాకు లోటే.)

తర్వాత స్పెయిన్ అంతర్యుద్ధంలో, ఆ దేశ నియంతగా మారిన ఫ్రాంకో సేనలపై పోరాడారు. యూదుడైన ఆయన 1940లో నాజీల నుంచి పారిపోతూ, ఫ్రాంకోపై పోరాడిన కారణంగానే స్పెయిన్‌లో అడుగుపెట్టే దారి లేక ఫ్రాన్స్‌లోనే ప్రాణం తీసుకున్నారు. మీ ఆదివారం అనుబంధంలో ఆయన గురించి ఒక పూర్తి పేజీ వ్యాసం వేయగలరు.

- ఒక పాఠకుడు