గుత్తి కోట మీద నుంచి మా అమ్మను దించిన వారికి కృతజ్ఞతలు

గత ఆదివారం గుత్తి కోట మీద కాలు విరిగిన మా అమ్మను డోలీ కట్టి కిందికి చేర్చిన మేకల కాపరి పెద్దాయనకు, ముగ్గురు యువకులకు, ఆసుపత్రికి తీసుకుపోయిన ఆటో అన్నకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు తెలుపుకోవడానికి ఇది రాస్తున్నాను. పేర్లు రాయవద్దని వారే కోరారు కనుక రాయడం లేదు.

మాది పత్తికొండ. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జులైలో మా ఊరి దగ్గరే కలరాతో చనిపోయారని, ఆయనను మొదట గుత్తిలో ఖననం చేసి తరువాత అవశేషాలను మద్రాసుకు తరలించారని బడిలో విన్నప్పటి నుంచి ఆ చోటు చూడాలని మా అబ్బాయి పట్టుబట్టాడు. కొండ కింద ఉన్న ఆ సమాధుల ఆవరణ చూసి వెనక్కి వచ్చి ఉంటే సరిపోయేది. ఇంత దూరం వచ్చి కోట ఎక్కకుండా పోతామా అన్నది మాత్రం అరవై నాలుగేళ్ల మా అమ్మే. చుట్టుపక్కల నేల మీద నుంచి దాదాపు 300 మీటర్లు లేచిన కొండ అది. ఒకదాని తరువాత ఒకటిగా ద్వారాలు దాటి, ఒకప్పుడు ఈ కోటను ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు కూర్చునేవాడని చెప్పే, లోయ అంచున ఉన్న గద్దె దగ్గర కూర్చొని సద్ది తినేదాకా అంతా సంతోషంగానే సాగింది.

దిగేటప్పుడు నునుపెక్కిన బండ మీద ఆమె చెప్పు జారింది. చీలమండ చూస్తుండగానే వాచిపోయింది. మేము తెచ్చుకున్న రెండు సీసాల నీళ్లూ అప్పటికే అయిపోయాయి. 1776లో హైదరాలీ ముట్టడిలో నీళ్లు కరువై మురారిరావు వదులుకోవలసి వచ్చిన కోట అది. ఆ సంగతి దారి పొడవునా పిల్లవాడికి చెబుతూ ఎక్కిన నేను ఒక్క పూటకు సరిపడా నీళ్లు తెచ్చుకోకపోవడం నా తెలివితక్కువతనమే.

మా కేకలు విని మొదట వచ్చింది ఆ పెద్దాయన. తన డబ్బాలోని నీళ్లు అమ్మకు తాగించి, మేకలకు కొమ్మలు దించే దోటి కొడవలితో రెండు పుల్లలు కోసి, వాటిని కాలికి ఇరువైపులా ఆనించి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి కట్టాడు. బిగించే ప్రతి చుట్టుకూ "నొస్తాందా అక్కా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఇంతలో కోట చూడటానికి వచ్చిన ముగ్గురు యువకులు అక్కడికి చేరారు. ఆయన కంబళిని ఆ దోటి గడకే కట్టి డోలీ చేశారు. మేకలను కొండకే వదిలేసి పెద్దాయన ముందు నడిచి, జారే బండలను చూపిస్తూ వచ్చాడు.

శత్రువు ఊపుగా దూసుకురాకుండా కోటదారిని ద్వారాల దగ్గర మలుపులు తిప్పి కట్టేవారని చదువుకున్నాను కానీ, అది ఎంత గట్టి ఉపాయమో ఆ రోజు నా భుజానికి తెలిసింది. మలుపు వచ్చిన ప్రతిచోటా గడ గోడకు తగలకుండా డోలీని దించి, పక్కకు తిప్పి, మళ్లీ ఎత్తుకోవలసి వచ్చింది. ఎక్కడానికి గంటన్నర పట్టిన దారి దిగడానికి మూడు గంటలు పట్టింది. ఒక్కరూ విసుక్కోలేదు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముక చిట్లిందని చెప్పి, ఆరు వారాల సిమెంటు కట్టు వేశారు. అంతసేపూ ఆటో అన్న బయటే కాచుకొని ఉన్నాడు. నేను డబ్బు తీయబోతే ఆ యువకుల్లో ఒకరు "డబ్బుల కోసరం ఎత్తుకొచ్చినామా సార్?" అన్న మాటకు నాకు బదులు దొరకలేదు.

పెద్దాయన తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది. అమ్మ దాన్ని ఉతికించి మడిచి పెట్టింది. కట్టు విప్పగానే తానే వచ్చి చేతికి ఇస్తానంటోంది. గుత్తిలో ఆయనను ఎరిగినవారు ఎవరైనా ఇది చదివితే ఈ కబురు దయచేసి ఆయనకు చేరవేయగలరు.