45 రోజుల గడువు కాగితం మీదేనా? పరిశ్రమల శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారం.

మాకు రావలసిన బిల్లు గురించి పెట్టుకున్న మూడు అర్జీలకూ జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందు రాస్తున్నాను.

మాది 8 మంది పనిచేసే లేత్ షెడ్డు. మా దగ్గర సరుకు తీసుకున్న ఒక పెద్ద కంపెనీ ఏడు నెలలుగా బిల్లు ఆపింది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి (ఎంఎస్ఎంఈడీ) చట్టం ప్రకారం చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆర్డర్లు రావన్న భయంతో చాలామంది నోరు మెదపరు.

మొన్న మా టర్నర్ నూనె చేతులు తుడుచుకుంటూ పాప కాలేజీ ఫీజుకు అడ్వాన్సు అడిగాడు. ఇవ్వలేకపోయాను. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ కొటేషన్ సొరుగులోనే ఉంది. రావలసిన డబ్బే రాకపోతే కొత్త పెట్టుబడి ఎలా పెడతాం?

ఇలాంటి బకాయిల ఫిర్యాదులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని అదే చట్టం చెబుతోంది. అక్కడ నేను వేసిన కేసుకు వెంటనే విచారణ తేదీ ఇప్పించండి. పెండింగ్ కేసుల వివరాలు ప్రతి నెలా బయటపెట్టండి.

ఇట్లు,
ఒక చిన్న పరిశ్రమ యజమాని